మారిషస్‌లో నాలుగు రోజులు: ఏవి చూడాలి?

ప్రశ్న:
ఉగాదికి అమ్మానాన్నలతో మారిషస్ వెళ్తున్నాము. సముద్రతీరంతో సరిపెట్టకుండా ఆ ద్వీపపు చరిత్రనూ, అడవినీ వారికి చూపించాలని ఉంది. నాన్నగారు మోకాళ్ల నొప్పి వల్ల ఎక్కువ నడవలేరు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

మొదటి జవాబు:
రాజధాని పోర్ట్ లూయిస్‌లో, వలస కూలీలు ఓడ దిగిన పాత రేవైన ఆప్రవాసీ ఘాట్‌తో మొదలుపెట్టండి. 1834 నుంచి చెరకు తోటల్లో పనికి ఒప్పందంపై భారతదేశం నుంచి లక్షలాది కూలీలు ఈ ద్వీపానికి వచ్చారు, వారిలో మన తెలుగువారూ ఉన్నారు. ఓడ దిగినవారు ఎక్కిన రాతి మెట్లు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి. వాటి ముందు నిలబడితే నాకు గొంతు పూడుకుపోయింది. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవుదినం కాబట్టి ఆ రోజు తెలుగువారి గుడికి తప్పక వెళ్లండి.

రెండో జవాబు:
అడవికి బ్లాక్ రివర్ గోర్జెస్ మేలు. లోయలోకి దిగకుండానే, రోడ్డు పక్కనున్న వ్యూపాయింట్ నుంచి మీ నాన్నగారు తీరం దాకా చూడగలరు. ఒకప్పుడు దాదాపు అంతరించిపోయిన గులాబీ పావురాలు ఆ అడవిలోనే మళ్లీ పెరుగుతున్నాయి. షామరెల్ రంగుల మట్టి దిబ్బలను ఎండ ఉన్నప్పుడే చూడండి. లె మోర్న్ కొండ ఎక్కడం కష్టం. పారిపోయిన బానిసలు తలదాచుకున్న ఆ కొండను కింది నుంచే చూపించండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. మొదటి రోజు ఘాట్‌కే వెళ్తాము.