దేవమాలి కొండ మీద టెంట్ లోపల నీళ్లు కారుతున్నాయి

జయపురం నుంచి మా బృందం చలికాలంలో దేవమాలి చుట్టుపక్కల కొండల్లో కొన్ని రోజులు నడుస్తూ, రాత్రిళ్లు టెంట్లలో ఉంటుంది. దేవమాలి 1,672 మీటర్లు, ఒడిశాలో అదే ఎత్తైన శిఖరం. డిసెంబరులో చలి గట్టిగా ఉంటుంది.

రాత్రి రెండు దాటాక టెంట్ పైగుడ్డ లోపలి వైపు చెమట పట్టినట్టు నీటి బొట్లు కనిపిస్తాయి. నాలుగింటికల్లా అవి జారి స్లీపింగ్ బ్యాగులు కాళ్ల వైపు తడిసిపోతాయి. పొద్దున్నే అన్నీ మడిచి నడక మొదలుపెట్టాలి, ఆరబెట్టే టైము ఉండదు. మర్నాటి రాత్రి ఆ తడిలోనే పడుకోవాలి. మాతో పిల్లలు, ఒక పెద్దాయన కూడా వస్తారు, నా టెన్షన్ అంతా వాళ్ల గురించే.

వాన లేదు, కింద పరిచిన షీటు పొడిగానే ఉంటుంది, కాబట్టి లీకు కాదు. మా ఊపిరిలోని తేమే చల్లటి గుడ్డకు తగిలి నీరవుతోంది. టెంట్లు రెండు పొరల డోమ్ రకం, నలుగురు పట్టేవి.

నలుగురి బదులు ముగ్గురం పడుకున్నాం. వంట, తడి బూట్లు బయటే ఉంచాం. పైన ఉన్న చిన్న కిటికీలు తెరిచాం. కొంచెం తగ్గింది, అంతే. వాగు పక్క పల్లం వదిలి గట్టు మీదికి మారితే బొట్లు బాగా తగ్గాయి గానీ, గాలికి ఎవరికీ నిద్ర పట్టలేదు. రెండు తలుపుల జిప్పులూ సగం తీస్తే పిల్లలు వణికిపోయారు.

జనవరిలో మళ్లీ వెళ్తున్నాం. చలి మరీ పెరగకుండా, స్లీపింగ్ బ్యాగులు తడవకుండా ఉండాలంటే టెంట్ ఎలాంటి చోట వేసి, గాలికి ఏ వైపు ఎంత తెరిచి ఉంచాలి?