ఎపిసోడ్‌ను ‘ఆశ్వాసం’ అనవచ్చునా?

ఎపిసోడ్‌కు తెలుగు మాట ఏదని నిన్న ఒక మిత్రుడు అడిగితే ఎక్కువమంది ‘భాగం’ చాలునన్నారు. ఆ మాట చాలదని నా అభిప్రాయం. నెల చందా కట్టి ఇంట్లో సిరీస్‌లు చూడడం మొదలైన నాటి నుంచి ‘రెండో భాగం వచ్చింది’ అని ఎవరన్నా, అది రెండో ఎపిసోడో రెండో సీజనో మళ్లీ అడగవలసి వస్తోంది. ‘ధారావాహిక’ మొత్తం కథకు పేరు కనుక ఇక్కడ అక్కరకు రాదు.

నాకు తోచిన మాట ‘ఆశ్వాసం’, మన పాత తెలుగు కావ్యాలలో అధ్యాయానికి ఉన్న పేరు. శ్వాసతో ముడిపడిన ఈ మాటలో ఊపిరి తీసుకోవడం, ఊరట, తెరిపి అనే అర్థాలున్నాయి. తెలుగు మహాభారతంలో పర్వం పెద్దది, ఆశ్వాసం దానిలోనిది. రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుని కోసం నన్నయ తెనిగించిన ఆదిపర్వంలో 8 ఆశ్వాసాలుంటే సభాపర్వంలో 2 మాత్రమే ఉన్నాయి. అరణ్యపర్వం 4వ ఆశ్వాసం నడుమ ఆయన రచన ఆగిపోగా, 14వ శతాబ్దంలో ఎఱ్ఱన సరిగ్గా అక్కడి నుంచే అందుకున్నాడు. సీజన్ పర్వం, ఎపిసోడ్ ఆశ్వాసం అనుకుంటే ఏది దేనిలోదో తేటగా తెలుస్తుంది.

ఆశ్వాసం ముగిసేచోట కవి కథను పక్కనబెట్టి కృతిభర్తను, అంటే కావ్యం అంకితం పుచ్చుకున్నవాడిని, సంబోధిస్తూ పద్యాలు చెబుతాడు, ఆపైన తన పేరుతో గద్యం వస్తుంది, తరువాతి ఆశ్వాసం మళ్లీ ఆ సంబోధనతోనే మొదలవుతుంది. విన్నవాడు విన్నదానిని మనసులో సర్దుకునే వ్యవధి అది. సిరీస్‌లో చివర పేర్లు పడే చోటు కూడా అటువంటిదే కావాలి, కానీ పేర్లు పడీపడకముందే తెర మూలన అంకెలు తరుగుతూ వస్తాయి, ఈలోగా ఏ మీటా నొక్కకపోతే తరువాతిది దానంతటదే మొదలైపోతుంది. మొన్న రాత్రి అమలాపురంలో మా మేనత్త ఇంట ఆ అంకెలు మూడుకు వచ్చేసరికి ఆమె నా చేయి పట్టుకుని, “ఒరేయ్ అబ్బాయి, కాస్త ఆపరా, ఊపిరి తీసుకోనీ” అన్నది. మంచినీళ్లు తాగి, సిరీస్‌లోని ఆ కోడలిని అందరూ అనుమానించడం అన్యాయమని రెండు మాటలు చెప్పి, అప్పుడు పెట్టమన్నది. ఆమె ఏ కావ్యమూ చదవలేదు, అయినా ఆశ్వాసమంటే ఏమిటో ఆమె చెప్పినంత చక్కగా నాకు ఏ నిఘంటువూ చెప్పలేదు.

సంస్కృత పదం బరువవుతుందని కొందరు అనవచ్చు. ‘ధారావాహిక’, ‘ప్రత్యక్ష ప్రసారం’ అలవాటైన నోళ్లకు మూడక్షరాల మాట బరువు కాదు.

సీజన్ విషయంలో మాత్రం పర్వమే కావాలని నేను పట్టుబట్టను. మా అత్తయ్య రెండో సీజన్‌ను ‘దాళ్వా’ అంటుంది. గోదావరి కాలువల కింద సార్వా కోసిన చేలోనే వేసే రెండో పంట అది, మా వైపు ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. మీ వైపు సీజన్‌కు ఏ మాట వాడుతున్నారో దయచేసి తెలియజేయండి.