పక్షి సంరక్షణ బృందం: ప్రభుత్వాన్ని ముందుగా ఏం అడగాలి?

పాలపిట్ట:

అందరికీ నమస్కారం. మాది చిన్న బృందం. ఇన్నాళ్లూ పక్షుల లెక్కింపు, బడిపిల్లలతో నడకలు, గాయపడ్డ పిట్టల్ని చికిత్సకు చేర్చడం, ఇంతవరకే చేశాం. ఈ ఏడాది నుంచి చట్టాలు, ప్రభుత్వ నిర్ణయాల మీద కూడా పనిచేయాలని కమిటీ తీర్మానించింది. ఏ అంశాలు ముందు, ఏవి తర్వాత అని జాబితా తయారుచేసే బాధ్యత నాకు అప్పగించారు.

సభ్యుల్ని అడిగితే అద్దాల భవనాలు, రాత్రంతా వెలిగే దీపాలు, పురుగుమందులు, చిత్తడి నేలల పూడిక, కరెంటు తీగలు, గాలిమరలు, పిల్లులు, పంజరం పిట్టల వ్యాపారం, సీసపు తూటాలు అని వరసగా చెప్పుకొచ్చారు. ఏదీ తీసెయ్యబుద్ధి కాదు. ఓటింగ్ పెడితే ఎవరు తెచ్చిన విషయానికి వాళ్లే చెయ్యెత్తారు. గాలిమరల దగ్గరికి వచ్చేసరికి మాటామాటా పెరిగింది. వాతావరణ మార్పు మీద పనిచేసేవాళ్లు కూడా మాలో ఉన్నారు మరి. ఇద్దరు ముగ్గురైతే, ఇదంతా రాజకీయం, మనకెందుకు అంటున్నారు.

దేనివల్ల ఎక్కువ పక్షులు చనిపోతున్నాయో చూసి ఆ లెక్కన వరస పెట్టేద్దామా అనుకుంటున్నాను. అది సరైన పద్ధతేనా? అసలు ఎన్ని అంశాలు పెట్టుకోవాలి? వచ్చే మీటింగు తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

నీటికాకి:

పాలపిట్ట గారూ, నేను చాలా ఏళ్లుగా ఒక పక్షి సంఘంలో ఇదే పని చూస్తున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

చావుల లెక్కన వరస పెట్టకండి. అమెరికాలో వేసిన అంచనాలు చూడండి. పిల్లుల వల్ల ఏడాదికి 130 కోట్ల నుంచి 400 కోట్ల పక్షులు, భవనాలకు గుద్దుకుని 36 కోట్ల నుంచి దాదాపు 100 కోట్లు, గాలిమరల వల్ల ఒకటి నుంచి మూడు లక్షలు. ఈ లెక్క ప్రకారం గాలిమరల్ని వదిలేసి పిల్లుల వెంట పడాలి. కానీ డేగలు, రాబందుల్లాంటి పెద్ద పక్షులు ఏళ్ల తరబడి పెరిగాకగానీ గూడు కట్టవు. కట్టినా పెట్టేది ఒకటో రెండో గుడ్లు. అలాంటివి ఏటా కొద్దిగా పోతున్నా ఆ జాతి తేరుకోలేదు. ఒకే ఏడాదిలో రెండు మూడు విడతలు పిల్లల్ని లేపే చిన్న పిట్టల సంగతి వేరు. ఎన్ని చచ్చాయన్నదాన్ని ఎన్ని మిగిలాయన్నదానితో కలిపి చూడకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

నేనైతే ఒక పరీక్ష పెడతాను. అంశం తెచ్చిన ప్రతివాళ్లనీ ఒక్క వాక్యం రాయమంటాను: ఫలానా వారు, ఫలానా తేదీలోగా, ఫలానా పని చేయాలి. "చిత్తడి నేలల్ని కాపాడాలి" అని రాసిస్తే వెనక్కి ఇచ్చేస్తాను, ఎవర్ని అడుగుతున్నామో అందులో లేదు కాబట్టి. "ఈ చెరువు హద్దులు వానలు మొదలయ్యేలోపు సర్వే చేసి రికార్డుకు ఎక్కించాలి" అని సంబంధిత శాఖ పేరుతో రాస్తే, ఆ కాగితం అందుకున్న అధికారి అవుననో కాదనో చెప్పక తప్పదు. మీ జాబితాలో సగం ఈ వాక్యం దగ్గరే ఆగిపోతాయి. అవి పనికిరానివని కాదు, మన తయారీ ఇంకా చాలలేదు, అంతే.

రాబందుల సంగతి మీ సభ్యులకు తప్పకుండా చెప్పండి. 1990లలో దక్షిణాసియాలో రాబందులు ఊడ్చిపెట్టుకుపోయాయి. తెల్లవీపు రాబందు అయితే భారత్‌లో 99 శాతానికి పైగా తగ్గిపోయింది. ఎందుకు చస్తున్నాయో తెలియనంత కాలం ఎవర్నీ ఏమీ అడగలేని పరిస్థితి. రాబందుల్ని కాపాడండి అని ఎన్ని ఉత్తరాలు రాసినా, చదివిన అధికారి ఏ ఫైలు తెరవాలి? 2004లో కారణం బయటపడింది. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్. ఆ మందు వేసిన కాసేపటికి పశువు చనిపోతే, దాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు దెబ్బతిని ప్రాణం పోతోంది. కళేబరాల్లో నూటికి ఒక్కదానిలో మందు ఉన్నా చాలు, అంత పతనానికి సరిపోతుందని తేలింది. ఆ తర్వాత మెలాక్సికామ్ అనే మందు రాబందులకు హాని చేయదని పరీక్షల్లో రుజువైంది. అంటే నిషేధం అడగడానికి వెళ్లినవాళ్ల దగ్గర, బదులుగా ఏం వాడాలో చెప్పడానికి ఒక పేరు సిద్ధంగా ఉంది. 2006లో భారత్, నేపాల్, పాకిస్తాన్ మూడూ పశువైద్యంలో డైక్లోఫెనాక్‌ను ఆపేశాయి.

చాలా సంఘాలు ఇక్కడ గెలిచాం అనుకుని ఆగిపోతాయి. కానీ మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువులకు వాడుతూనే వచ్చారు. అందుకని తర్వాత పట్టుబట్టింది సీసా సైజు మీద. 2015లో భారత్ మనుషులకిచ్చే ఆ ఇంజెక్షన్‌ను ఒక్క డోసు, 3 మిల్లీలీటర్ల సీసాకే పరిమితం చేసింది. ఒక ఆవుకు సరిపడా మందు కావాలంటే ఇప్పుడు అలాంటివి ఎన్నో విప్పాలి. 2023లో రాబందులకు అలాగే హాని చేసే మరో రెండు నొప్పి మందులు, కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా పశువులకు వాడకుండా నిషేధించారు. పక్షి మీద ప్రేమతో మొదలుపెట్టిన వాళ్లు మందుల గెజిట్లు, సీసా కొలతలు చదవడం నేర్చుకున్నారు. నాకు వాళ్లంటే ఎంతో గౌరవం.

ఎన్ని అంశాలు అన్నారు కదా. రెండు చాలు. ఒక్కోదాన్ని పదేళ్లు మోయాల్సి రావచ్చు. ఇంకో చోటు ఖాళీగా ఉంచండి. ఎప్పుడో ఒకప్పుడు ఏదో ముసాయిదా నిబంధన వస్తుంది, అభ్యంతరాలకు కొద్ది వారాలే గడువు ఉంటుంది. అప్పుడు చేతిలో మనుషులు ఉండాలి. ఉన్న చట్టాన్ని నిలబెట్టుకోవడానికే ఒక్కోసారి బలమంతా సరిపోతుంది. అమెరికాలో వలస పక్షుల చట్టం 1918 నుంచి ఉంది. పరిశ్రమల పనుల్లో, కావాలని కాకుండా పక్షులు చనిపోతే అది నేరం కిందికి రాదని 2021 జనవరిలో నిబంధన తెచ్చారు, అదే ఏడాది దాన్ని రద్దు చేశారు, 2025లో మళ్లీ నేరం కాదన్న వ్యాఖ్యానమే తిరిగొచ్చింది. చట్టంలో అక్షరం మారలేదు, చదివే తీరు మారింది.

రాజకీయం అంటున్నవాళ్లతో వాదన పెట్టుకోవద్దు. ఏ పార్టీకీ, ఏ అభ్యర్థికీ మద్దతివ్వం, నిర్ణయాల మీదే మాట్లాడతాం అని తీర్మానంలో రాసుకోండి. మీ రిజిస్ట్రేషన్ నిబంధనలు ఏం అనుమతిస్తాయో ముందే ఒక లాయరుకు చూపించండి. సగం భయం దానితో పోతుంది.

ఇక ఏ రెండు అన్నది మీరే తేల్చుకోవాలి. ఒక్కటి మాత్రం అడుగుతాను. ఇన్నేళ్లు లెక్కింపు చేశారు కదా, ఆ పుస్తకాల్లో ఏముంది? ఇంకెవరి దగ్గరా లేని సమాచారం మీ దగ్గర దేని మీద ఉంది?

షికాగోలో సరస్సు ఒడ్డున మెకార్మిక్ ప్లేస్ అనే పెద్ద అద్దాల భవనం ఉంది. ఆ ఊళ్లోని ఫీల్డ్ మ్యూజియం అనే ప్రకృతి చరిత్ర మ్యూజియం వాళ్లు 1978 నుంచి వలస కాలంలో పొద్దున్నే వెళ్లి, గోడ పక్కన చచ్చిపడిన పిట్టల్ని ఏరి, ఏ జాతి, ఏ తేదీ అని రాసిపెడుతూ వచ్చారు. తర్వాత ఏ కిటికీల్లో దీపాలు వెలుగుతున్నాయో కూడా రాశారు. వెలిగే కిటికీలు సగానికి తగ్గితే చావులు సుమారు 60 శాతం తగ్గుతాయని 2021లో ఆ రికార్డు నుంచే తేల్చగలిగారు. 2023 అక్టోబరులో ఒక్క రాత్రే వెయ్యి దాకా పక్షులు పడిపోయాయి. మరుసటేడు పక్షులకు అద్దం కనపడేలా దాని నిండా సన్నటి చుక్కల ఫిల్మ్ అతికించారు, చావులు 95 శాతం దాకా తగ్గాయి. ఆ రికార్డు లేకపోతే ఎంత తగ్గిందో చెప్పే ఆధారమే ఉండేది కాదు. న్యూయార్క్ నగరం 2019లోనే కొత్త భవనాలకు పక్షులు గుర్తించగలిగే అద్దాలే పెట్టాలని చట్టం చేసింది. కాబట్టి అడగడానికి నమూనా కూడా ఉంది.

లకుముకి:

నీటికాకి గారు చెప్పినదాంట్లో చాలావరకు ఒప్పుకుంటాను, కానీ ఒక భయం ఉంది. ఒక్క వాక్యంలో ఇమిడేవే ఎంచుకుంటే చిన్న చిన్న పనులే మిగులుతాయి. 2019లో వచ్చిన అధ్యయనం ప్రకారం 1970 నుంచి ఉత్తర అమెరికాలో 290 కోట్ల పక్షులు తగ్గాయి. గడ్డిభూముల పక్షులు సగానికి పైగా పోయాయి. అవి పోయింది అద్దాలకు గుద్దుకుని కాదు. గడ్డి భూమి దున్నేశారు, పురుగుమందులు కొట్టారు, పిల్లలకు పెట్టడానికి పురుగులు లేకుండా పోయాయి. అసలు కారణం వదిలేసి అద్దాల మీద చుక్కలు అతికించుకుంటూ కూర్చుందామా?

నీటికాకి:

లకుముకి గారూ, మీ భయం న్యాయమైనదే. అదే అధ్యయనంలో ఇంకో అంకె కూడా ఉంది. బాతులు, పెద్దబాతుల వంటి నీటిపక్షులు 50 శాతానికి పైగా పెరిగాయి. ఎందుకంటే వాటి వెనక దశాబ్దాలుగా డబ్బు, చట్టం రెండూ ఉన్నాయి. 1934లో అమెరికాలో బాతుల వేటగాళ్లు తప్పనిసరిగా కొనాల్సిన స్టాంపు పెట్టి, ఆ సొమ్ముతో చిత్తడి నేలలు కొనడం మొదలుపెట్టారు. ఆవాసం అనే అంత పెద్ద విషయాన్ని ఒక స్టాంపు దాకా దించారు. గడ్డిభూములకు అలాంటిది ఇంకా దొరకలేదు, అందుకే అవి ఇలా ఉన్నాయని నా అభిప్రాయం.

పురుగుమందులూ అంతే. "పురుగుమందులు తగ్గించండి" అంటే ఎవరూ కదలరు. యూరోపియన్ యూనియన్ 2018లో నియోనికోటినాయిడ్లు అనే రకం పురుగుమందుల్లో మూడింటి పేర్లు పెట్టి, ఆరుబయట వాడకూడదని నిషేధించింది. పెద్ద సమస్యనే ఎంచుకోండి, వద్దనను. దానిలో ఈ ఏడాది ఎవరి సంతకం కావాలో అది వెతకండి.

తీతువు:

నేను కరెంటు లైన్ల డిజైన్‌లో పనిచేస్తాను. గాలిమరల గొడవ అన్నారు కదా, దాని మీద ఒక మాట.

మా రంగంలో పక్షులు చనిపోయేది రెండు రకాలుగా. చిన్న స్తంభాల మీద షాక్ కొట్టి, పెద్ద లైన్లకు గుద్దుకుని. పెద్ద రెక్కల పక్షి స్తంభం మీద వాలి, రెండు తీగల్ని గానీ, తీగనీ ఎర్త్ అయిన ఇనుప కడ్డీనీ గానీ ఒకేసారి తాకితే అక్కడికక్కడే చనిపోతుంది. తీగల మధ్య ఎడం పెంచినా, ఇన్సులేటర్ దగ్గర తొడుగు వేసినా ఇది ఆగుతుంది. గుద్దుకోవడం ఆపడం అంతకన్నా కష్టం. బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కళ్లు పక్కలకు ఉంటాయి, ఎదురుగా కనిపించేది తక్కువ. దగ్గరికొచ్చాక తీగ కనపడినా అంత బరువైన పక్షి చటుక్కున మళ్లలేదు. భారత సుప్రీంకోర్టు 2021లో దాని ఆవాసాల్లో లైన్లు భూమిలో వేయాలంది. అన్నిచోట్లా అది సాధ్యం కాదని 2024లో ఆ ఆదేశాన్ని సవరించి నిపుణుల కమిటీ వేసింది.

మీకు పనికొచ్చే విషయం ఏమిటంటే, రూటు మ్యాపు కాగితం మీద ఉన్నప్పుడు గీత పక్కకు జరపడం మాకు తేలిక. టవర్లు లేచాక మమ్మల్ని అడిగి లాభం లేదు. కాబట్టి గాలిమరలు కావాలా వద్దా అని మీలో మీరు పోట్లాడుకోకండి. స్థలం ఖరారు కాకముందే పక్షుల సర్వే తప్పనిసరి చేయాలి, ఆ సర్వే అందరికీ చూపించాలి అని అడగండి. వాతావరణం గురించి ఆలోచించేవాళ్లు కూడా దానికి సంతకం పెడతారు.

పాలపిట్ట:

అందరికీ చాలా థ్యాంక్స్. లెక్కింపు పుస్తకాలు తీసి చూశాం. మాకు ఎక్కువ సమాచారం ఉన్నది చిత్తడి నేలల మీదే. నెలనెలా ఏ పక్షులు, ఎన్ని, నీళ్లు ఎంతవరకు ఉన్నాయి, అన్నీ ఉన్నాయి. కాబట్టి హద్దుల సర్వే మొదటిది. తీతువు గారు చెప్పిన స్థలం ఎంపిక నిబంధన రెండోది. గొడవపడ్డ ఇద్దరూ కలిసి దాని ముసాయిదా రాస్తామన్నారు!

పిల్లుల విషయం పెట్టిన సభ్యురాలు మాత్రం బాధపడుతున్నారు. ఆమెకు ఏం చెప్పాలి?

నీటికాకి:

ఆమె అంశాన్ని కొట్టేశామని చెప్పకండి, ఎందుకంటే కొట్టేయలేదు. తీసుకోని అంశాలన్నీ అదే కాగితంలో రెండో పేజీలో రాయండి. ఒక్కోదాని పక్కన ఎందుకు ఆపామో, ఏం మారితే మళ్లీ తీసుకుంటామో ఒక ముక్క ఉండాలి. పిల్లుల విషయానికొస్తే, పెంపుడు పిల్లుల్ని ఇంట్లోనే ఉంచమని యజమానులకు చెప్పడానికి ఏ చట్టమూ అక్కర్లేదు. ఆ పని ఆమె రేపే మొదలుపెట్టవచ్చు. వీధి పిల్లుల మీద నిబంధన అడగాలంటే జంతు సంక్షేమ సంఘాలు పక్కన ఉండాలి. వాళ్లు ఎదురు నిలబడితే ఏ అధికారీ ఆ ఫైలు ముట్టుకోడు. ముందు వాళ్లతో కూర్చుని మాట్లాడే బాధ్యత ఆమెకే ఇవ్వండి. ఏడాది తర్వాత ఆమె తెచ్చే కబురును బట్టి ఆ అంశాన్ని మొదటి పేజీలోకి తేవచ్చో లేదో తెలుస్తుంది.

హద్దుల సర్వేకి ఉత్తరం రాసేటప్పుడు పక్షుల పట్టిక మొత్తం జతచేయకండి, ఎవరూ చదవరు. నీటి మట్టం తగ్గిన నెలల్లో ఏ మూల ఎన్ని పక్షులు చేరాయో ఒకే మ్యాపు మీద చూపించండి. ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. చేతికిచ్చాక రసీదు నంబరు రాయించుకోండి.