మార్స్ మీద పారేది నీళ్ళన్నారు, ఇప్పుడు ఇసుక అంటున్నారు. ఏది నమ్మాలి?

సైన్సుమాస్టారు:

అందరికీ నమస్కారం. హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. 2015లో అంగారకుడి మీద ఇప్పటికీ ఉప్పునీళ్ళు పారుతున్నాయని నాసా ప్రకటించినప్పుడు, పేపర్లో వచ్చిన ఫోటో కత్తిరించి ల్యాబ్ గోడకు అంటించాను. క్రేటర్ వాలు మీద నల్లటి చారలు, మీకూ గుర్తుండే ఉంటుంది. మొన్న తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె దాని ముందు నిలబడి "సార్, అవి నీళ్ళు కాదంట కదా, ఉత్త ఇసుకంట" అంది. ఎక్కడ విన్నావంటే యూట్యూబ్ అంది. కొట్టిపారేద్దామనుకున్నాను గానీ, వెతికితే నిజంగానే అలాంటి పరిశోధనలు కనబడ్డాయి. నాకు అంతుపట్టనిది ఒకటే. అంత ఎత్తు నుంచి ఫోటో తీసి, జారింది నీళ్ళా ఇసుకా అని ఎలా తేలుస్తారు? తెలిసినవాళ్ళు పిల్లలకు చెప్పగలిగేలా వివరించండి.

ఇసుకమేట:

మాస్టారూ, నా పనే ఇది. రాతి గ్రహాల మీద గాలి, మంచు, వాలు కలిసి నేలను ఎలా మారుస్తాయో చూడడం. పీహెచ్‌డీలో చేరినప్పటి నుంచి నా జీవితంలో చాలా భాగం మార్స్ కొండవాలుల ఫోటోలను పక్కపక్కన పెట్టి తేడాలు వెతకడంలోనే గడిచింది. మీ గోడ మీద ఉన్న చారలను మేం ఆర్‌ఎస్‌ఎల్ (రికరింగ్ స్లోప్ లీనియే, అంటే వాలు మీద మళ్ళీ మళ్ళీ పుట్టే గీతలు) అంటాం.

వీటిని మొదట పట్టుకున్నది లుజేంద్ర ఓఝా. నేపాల్ నుంచి వెళ్ళి అరిజోనా యూనివర్సిటీలో డిగ్రీ చదువుతుండేవాడు అప్పట్లో. మార్స్ చుట్టూ తిరిగే నాసా నౌక మార్స్ రికానసెన్స్ ఆర్బిటర్ మీద హైరైజ్ అనే కెమెరా ఉంది. దాదాపు 300 కిలోమీటర్ల ఎత్తు నుంచి తీసినా ఒక్కో పిక్సెల్‌లో పాతిక, ముప్పై సెంటీమీటర్ల నేల పడుతుంది. ఆ ఫోటోల్లో ఒకే వాలును వేర్వేరు ఋతువుల్లో పోల్చి చూస్తే చారలు కదులుతున్నాయి! 2011లో అదే యూనివర్సిటీ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ మెకెవెన్ బృందం సైన్స్ పత్రికలో ఆ సంగతి వేసింది, ఓఝా కూడా అందులో ఉన్నాడు. అర మీటరు నుంచి ఐదు మీటర్ల వెడల్పు, కొన్ని వందల మీటర్ల పొడవు. ఎండలు ముదిరే కొద్దీ కిందికి పాకుతాయి, చలి రాగానే మాసిపోతాయి, మరుసటి ఏడాది మళ్ళీ అదే వాలు మీద పుడతాయి. ఇది చూసి నీళ్ళు అనుకోకపోతేనే ఆశ్చర్యం.

అయితే మార్స్ మీద గాలి పీడనం మన దగ్గర ఉన్నదాంట్లో ఒక శాతం కూడా లేదు. మంచినీళ్ళు పోస్తే గడ్డకట్టడమో ఆవిరవడమో తప్ప పారే అవకాశం లేదు. ఉప్పు కలిస్తే కథ వేరు. 2008లో ఫీనిక్స్ ల్యాండర్ అక్కడి మట్టిలో పర్‌క్లోరేట్ ఉప్పులు కనిపెట్టింది, అవి కలిసిన నీరు సున్నాకు ఎంతో దిగువన కూడా ద్రవంగా ఉండగలదు. 2015లో ఓఝా బృందం అదే ఆర్బిటర్ మీది క్రిజమ్ అనే స్పెక్ట్రోమీటర్‌తో (వెలుగును విడదీసి నేలలో ఏ ఖనిజం ఉందో చెప్పే పరికరం) పాలికిర్, హోరోవిట్జ్, హేల్ క్రేటర్లలో, కోప్రేట్స్ కాస్మా అనే లోయలో చారలు ఎక్కువగా ఉన్న చోట్ల ఆ ఉప్పుల ఆనవాలు కనబడింది అంది. మీ గోడ మీది వార్త అదే.

కానీ క్రిజమ్ పిక్సెల్ 18 మీటర్లు. చార మహా అంటే ఐదు. అంటే చారతో పాటు చుట్టుపక్కల నేలంతా కలిసిపోయిన వెలుగులోంచి ఉప్పు సంతకం లాగాలి. 2018లో ఎలెన్ లీస్క్ బృందం చూపించిందేమంటే, ఆ డేటాలో రొద తగ్గించడానికి చేసే ఒక దశ సరిగ్గా పర్‌క్లోరేట్ ఉండే చోటే దొంగ గీతలు పుట్టించగలదని. ఉప్పు లేదని అది రుజువు చేయలేదు. ఉందనడానికి చూపిన సాక్ష్యాన్ని మాత్రం బాగా బలహీనం చేసింది.

మీ అసలు ప్రశ్నకు నా జవాబు: చార ఎక్కడ మొదలైందో వదిలేయండి, ఎక్కడ ఆగిందో చూడండి. నీళ్ళు వాలు తగ్గినా పారుతూనే ఉంటాయి, మెల్లగానైనా సరే. పొడి ఇసుక అలా కాదు, వాలు ఒక కోణం కంటే తగ్గగానే ఆగిపోతుంది. హైరైజ్ ఒకే చోటును రెండు వేర్వేరు కోణాల నుంచి తీస్తే, ఆ జంటతో నేల ఎత్తుపల్లాల మ్యాపు కట్టొచ్చు. (రాయడానికి ఒక్క వాక్యమే. చేసేటప్పుడు వ్యోమనౌక వణుకు వల్ల వచ్చే అలలు తీసేయడంలో ప్రాణం పోతుంది.) 2017లో కాలిన్ డుండాస్ బృందం 10 చోట్ల 151 చారలకు ఈ లెక్క కట్టింది. దాదాపు అన్నీ 27 డిగ్రీల కంటే నిటారైన వాలు మీదే ఉన్నాయి. చివర్లు ఆగిన కోణాలేమో మార్స్ ఇసుక దిబ్బల మీద జారుడు ముఖాల (ఇసుక జారిపడే వైపు వాలుల) కోణాలతో సరిపోయాయి. నీళ్ళయితే ఒక్కటైనా హద్దు దాటి పల్లానికి దిగి ఉండేది కదా. నన్ను ఒప్పించింది ఆ కోణమే.

పైగా కొన్ని చారలు కొండ శిఖరం దగ్గర్లోనే మొదలవుతాయి. అంత పైన ఊట ఎక్కడిది?

ఓబీడంపు:

భలే ఉంది. నేను సింగరేణి ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో చేసి రిటైరయ్యాను. మాకు రోజూ ఇదే పని. డంపర్ పైనుంచి ఓబీ (ఓవర్‌బర్డెన్, బొగ్గు మీద నుంచి తవ్వి తీసిన మట్టి, రాళ్ళు) వదిలితే మట్టి తనంతట తాను ఒక వాలుకు సర్దుకుంటుంది, అదే యాంగిల్ ఆఫ్ రిపోజ్. ఆ కోణాన్ని మించొద్దని, ఎట్టి పరిస్థితుల్లోనూ 37.5 డిగ్రీలు దాటొద్దని రూలు. వాన పడితే లెక్క మొత్తం మారిపోతుంది, తడిసిన డంపు అడుగు అంచు ఎంత దూరం పోతుందో చెప్పలేం. కాబట్టి మీరన్న కోణం వాదన నాకు వెంటనే తలకెక్కింది.

ఒక సందేహం తమ్ముడూ. మార్స్ మీద గురుత్వం మన దాంట్లో మూడో వంతు దాకానే కదా. తేలికైన చోట ఇసుక ఇంకా నిటారుగా నిలబడదా? మన కోణాలు తీసుకెళ్ళి అక్కడ పెడితే ఎలా?

ఇసుకమేట:

అడగాల్సిన ప్రశ్నే అడిగారు సార్. చిన్న లెక్కలో గురుత్వం ఎగిరిపోతుంది. గింజను కిందికి లాగేదీ అదే, గింజను గింజకు నొక్కి రాపిడి పుట్టించేదీ అదే, రెండూ ఒకే పాళ్ళలో తగ్గుతాయి. అసలు గింజలు అంత బుద్ధిగా ఉండవు గనక విమానాల్లో గురుత్వం తగ్గించి ప్రయోగాలు చేశారు, కోణం మారుతుందన్న ఫలితాలూ వచ్చాయి. అయితే 2013లో మార్స్ మీద కదులుతున్న ఇసుక దిబ్బలనే నేరుగా కొలిస్తే భూమి మీది కోణాలే కనిపించాయి. అందుకే డుండాస్ వాళ్ళు చారలను అక్కడి దిబ్బలతోనే పోల్చారు. మన కోణం అరువు తెచ్చుకునే పని లేకుండా పోయింది.

నిప్పులాంటినిజం:

అంటే నాసా నిధుల కోసం అబద్ధం చెప్పిందన్నమాట. సింపుల్.

ఇసుకమేట:

కాదండీ. 2015 పేపర్ చెప్పింది నీటి అణువులు పట్టుకున్న ఉప్పు ఆనవాలు గురించి. "పారుతున్న నీళ్ళు" అనే డప్పు మాత్రం ప్రెస్‌మీట్‌లో గట్టిగా మోగింది, అది నాకూ నచ్చలేదు. ఇంకో సంగతి చూడండి. 2017 పేపర్ రాసిన బృందంలో మెకెవెన్ కూడా ఉన్నారు. నీళ్ళు కావచ్చని 2011లో ముందుకొచ్చిన మనిషే ఇసుక అన్న పేపర్ మీదా సంతకం పెట్టారు. అబద్ధాలకోరులు చేసే పని కాదిది.

ఇసుకతో అన్నీ తేలిపోయాయనీ అనను. పొడి ఇసుక అయితే ఒక్క ఊపులో జారిపోవాలి, ఇవి వారాల తరబడి కొంచెం కొంచెంగా పెరుగుతాయెందుకు? ఋతువును ఎందుకు పట్టుకుని ఉంటాయి? నాకు ధూళి వైపే అనుమానం. 2018లో గ్రహమంతా కమ్మేసిన ధూళి తుఫాను తర్వాత ఈ చారలు విపరీతంగా పెరిగాయి. పైన పడ్డ లేత ధూళి కదిలితే కింద నల్లటి నేల బయటపడుతుంది, అది చారలా కనబడుతుంది. అయితే ధూళిని కదిలించేది గాలా, ఇంకేమైనానా అన్న చోట మా వాళ్ళలోనే వాదులాట. ఇంకో ఇబ్బంది, ఆ ఆర్బిటర్ ఎప్పుడూ మధ్యాహ్నం మూడింటి ప్రాంతంలోనే తలమీదుగా వెళుతుంది. పొద్దున ఏం జరుగుతుందో హైరైజ్‌కు కనబడదు. యూరప్ వాళ్ళ ట్రేస్ గ్యాస్ ఆర్బిటర్ మీద ఉన్న కాసిస్ కెమెరా వేర్వేరు వేళల్లో చూడగలదు గానీ, దాని పిక్సెల్ పెద్దది.

సైన్సుమాస్టారు:

చాలా సంతోషం బాబూ. రేపు ఆ అమ్మాయినే బోర్డు దగ్గర నిలబెట్టి చెప్పిస్తాను. పిల్లలు స్వయంగా చూడడానికి ఫోటోలు దొరుకుతాయా?

ఇసుకమేట:

అన్నీ ఉచితమే మాస్టారూ. హైరైజ్ సైటులో పాలికిర్ క్రేటర్ అనో గార్నీ క్రేటర్ అనో వెతికించండి, ఒకే వాలు ఫోటోలు ఏళ్ళ తరబడివి ఉంటాయి. ఒక్కోదాని కింద సోలార్ లాంగిట్యూడ్ అని డిగ్రీల్లో అంకె ఇస్తారు, మార్స్ ఏడాదిలో అది ఏ ఋతువో చెప్పేది ఆ అంకే. 270 దగ్గర దక్షిణార్ధగోళానికి నడివేసవి. పిల్లల చేత ఆ వరసలో పేర్పించండి. ఫలానా చోటు ఫోటో తీయమని ఎవరైనా అడగడానికి హైవిష్ అనే పేజీ కూడా ఉంది. మీ క్లాసు నుంచి ఒక చోటు పంపండి, ఎందుకు తీయాలో రెండు ముక్కలు రాయాలి. అది రాయడమే పిల్లలకు అసలు కష్టం. వాళ్ళు రాసింది ఇక్కడ పెడితే నేను చూసిపెడతాను.