స్టెరాయిడ్ ఇంజెక్షన్ తర్వాత షుగర్ 300 దాటింది: వేచి చూడాలా, మందు పెంచాలా?

మల్కాజిగిరి అబ్బాయి:
మా అమ్మకు చాలా ఏళ్లుగా షుగర్. మెట్‌ఫార్మిన్, గ్లైమిపిరైడ్ వేసుకుంటుంది. భుజం పట్టేసి, జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవడం లేదు. నిన్న పొద్దున ఎముకల డాక్టర్ భుజంలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేశారు. షుగర్ పెరుగుతుందని మాకెవరూ చెప్పలేదు. ఈరోజు పరగడుపున 148 ఉంది, మధ్యాహ్నం అన్నం తిన్న రెండు గంటలకు చూస్తే 326. తమ్ముడేమో గ్లైమిపిరైడ్ ఇంకొకటి వేద్దామంటున్నాడు. నాన్న మాత్రం అదే దిగుతుంది, ఏమీ మార్చొద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?

సైనిక్‌పురి మాస్టారు:
మీ నాన్నగారి మాట వినండి. నాకూ మోకాలికి ఇంజెక్షన్ చేశాక 300 దాకా వెళ్లింది. ఏ మందూ మార్చలేదు, వారం తిరిగేసరికి మామూలుకొచ్చింది. హెచ్‌బీఏ1సీ అంటే రెండు మూడు నెలల సగటు కదా, వారం రోజుల పెరుగుదల దాన్ని పెద్దగా కదిలించదు. ఊరికే వేలు పొడిచి చూసుకుంటూ ఉంటే టెన్షన్ తప్ప ఏం మిగలదు.

కూకట్‌పల్లి ఫార్మసిస్ట్:
మాస్టారూ, మీకు దిగింది, చాలామందికి దిగుతుంది. అయినా "ఏమీ చేయొద్దు" అనే సలహా అందరికీ ఇవ్వలేం.

భుజంలో వేసిన మందు భుజంలోనే ఉండిపోదు. కొంత రక్తంలోకి వస్తుంది. దాంతో కాలేయం ఎక్కువ గ్లూకోజ్ వదులుతుంది, ఒంట్లో ఉన్న ఇన్సులిన్ సరిగా పని చేయదు. పెరగడం కొన్ని గంటల్లోనే మొదలవుతుంది, మొదటి రెండు మూడు రోజులు ఎక్కువగా ఉంటుంది. సాధారణంగా వారంలో తగ్గుతుంది, కొందరికి ఇంకొన్ని రోజులు పడుతుంది. పరగడుపున పెద్దగా తేడా కనిపించకుండా, తిన్నాకే బాగా పెరగడం మామూలే. ఈ అబ్బాయి పెట్టిన రెండు అంకెలు చూడండి: 148, 326. పొద్దున ఒక్కసారి చూసుకుని "బాగానే ఉంది" అనుకునేవాళ్లకు అసలు సంగతి తెలియదు. అందుకే ఈ వారం పరగడుపున, భోజనాల తర్వాత రెండు గంటలకు, రాత్రి పడుకునే ముందు చూసి రాసిపెట్టండి.

ఇక తమ్ముడి మాట. అది ఇంకా ప్రమాదం. గ్లైమిపిరైడ్ ప్రభావం రోజంతా ఉంటుంది. అమ్మ ఈరోజు సరిగా తినకపోయినా, రేపో ఎల్లుండో స్టెరాయిడ్ జోరు తగ్గినా, ఆ అదనపు గోళీతో లో షుగర్ రావచ్చు. వయసు పైబడి, కిడ్నీలు సరిగా లేనివాళ్లకైతే మరీ భయం. తెల్లవారుజామున చెమటలు పట్టి, మాట తడబడితే ఇంట్లోవాళ్లు పక్షవాతం అనుకుని పరుగెత్తిన సందర్భాలున్నాయి. మందు పెంచాల్సి రావచ్చు. ఎంత, ఎన్ని రోజులు అన్నది మీ షుగర్ డాక్టర్ చెప్పాలి. రాసిపెట్టిన రీడింగులతో ఈరోజే ఫోన్ చేయండి.

హిమాయత్‌నగర్ అక్క:
అసలు షుగర్ ఉన్నవాళ్లకు స్టెరాయిడ్ ఎందుకు ఇస్తున్నారు? 2021లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి బ్లాక్ ఫంగస్ రోగులతో ఎలా నిండిపోయిందో మర్చిపోయామా? నేనైతే నొప్పి భరిస్తాను గానీ ఆ సూది వేయించుకోను.

దిల్‌సుఖ్‌నగర్ ఫిజియో:
అక్కా, మీ భయం అర్థమవుతుంది. కానీ అప్పుడు కోవిడ్ వచ్చి, అదుపులో లేని షుగర్‌తో, చాలామంది రోజుల తరబడి స్టెరాయిడ్లు వాడారు. కీలులో ఒక్క ఇంజెక్షన్‌ను దానితో పోల్చలేం. షుగర్ ఉన్నవాళ్లకు ఫ్రోజెన్ షోల్డర్, అంటే ఇలా భుజం పట్టేయడం, మామూలు వాళ్లకన్నా ఎక్కువగా వస్తుంది, నెలల తరబడి వేధిస్తుంది. ఇంజెక్షన్‌తో మొదటి కొన్ని వారాలు నొప్పి తగ్గుతుంది. ఆ సమయంలోనే వ్యాయామాలు చేయించి చెయ్యి కదలిక తెప్పించాలి. నిద్ర లేక ఏడ్చే పేషెంట్లను రోజూ చూస్తాను, వాళ్లకు "భరించండి" అని చెప్పలేను. షుగర్ ముందే బాగా ఎక్కువగా ఉంటే మాత్రం, అది తగ్గాకే వేయించుకోవాలంటాను.

హిమాయత్‌నగర్ అక్క:
సరే, ఒక్కటి ఒప్పుకుంటాను, రెండూ ఒకటి కావు. మరి వేసే ముందు ఆ ఎముకల డాక్టర్ ఈ ముక్క చెప్పాలి కదా? ఫైల్‌లో షుగర్ అని రాసి ఉన్నా ఒక్క మాట చెప్పకుండా ఇంటికి పంపితే ఎలా? నా కోపమంతా అక్కడే.

మల్కాజిగిరి అబ్బాయి:
షుగర్ డాక్టర్‌తో మాట్లాడాను. గోళీ ఎక్కువ వేయొద్దన్నారు. రెండు రోజుల రీడింగులు పంపమన్నారు, అప్పటికీ తిన్నాక 300 మీదే ఉంటే కొద్దిరోజులు ఇన్సులిన్ ఇస్తామన్నారు. ఆ మాట వినగానే అమ్మ ఒప్పుకోవడం లేదు. ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలట. భయంతో రాత్రి అన్నం కూడా మానేస్తానంటోంది.

కూకట్‌పల్లి ఫార్మసిస్ట్:
ఇది మా కౌంటర్ దగ్గర రోజూ వినే మాట. అమ్మకు గట్టిగా చెప్పండి: స్టెరాయిడ్ వల్ల పెరిగిన షుగర్‌కు ఇచ్చే ఇన్సులిన్, ఆ ప్రభావం పోగానే తగ్గించి ఆపేయొచ్చు. గ్లైమిపిరైడ్ వేసుకుని భోజనం మానేయడం మాత్రం వద్దే వద్దు, లో షుగర్ వస్తుంది. అన్నం తగ్గించి కూర, పప్పు పెంచండి. జొన్న రొట్టె అయినా లెక్కగానే తినాలి, అదీ పిండి పదార్థమే. తిన్నాక పది పదిహేను నిమిషాలు నడిపించండి. నీళ్లు బాగా తాగించండి, గుండె, కిడ్నీ డాక్టర్లు నీళ్లు తగ్గించమని ఉంటే తప్ప. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, వాంతులు, మగత కనిపిస్తే రెండు రోజులు ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

సైనిక్‌పురి మాస్టారు:
నా షుగర్ ఇప్పటికీ ఒక్క మెట్‌ఫార్మిన్‌తోనే అదుపులో ఉంది. అలాంటివాళ్లు గాభరా పడొద్దన్నదే నా ఉద్దేశం. ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను. గ్లైమిపిరైడ్ వేసుకునే అమ్మగారి విషయంలో ఫోన్ చేయడమే మంచిదైంది.

ఉప్పల్ నుంచి:
మా పాపకు టైప్ 1 షుగర్, ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని రకం. ఇదే ఇంజెక్షన్ వేయమన్నారు. మాకూ ఇవే జాగ్రత్తలా?

కూకట్‌పల్లి ఫార్మసిస్ట్:
కాదండీ, మీకు ఇంకా ముందే ప్లాన్ కావాలి. టైప్ 1లో షుగర్ 250 దాటి దిగకపోతే కీటోన్లు (ఇన్సులిన్ చాలక ఒళ్లు కొవ్వును కరిగించినప్పుడు పేరుకునే ఆమ్లాలు) చూడాలి. పాప తినకపోయినా బేసల్ ఇన్సులిన్ (తిండితో సంబంధం లేకుండా రోజంతా పనిచేసేది) మానకూడదు. ఇన్సులిన్ ఎంత పెంచాలో, మళ్లీ ఎప్పుడు తగ్గించాలో పాప డాక్టర్‌తో కాగితం మీద రాయించుకున్నాకే ఇంజెక్షన్ తేదీ ఖాయం చేసుకోండి. కీటోన్లు చూసే స్ట్రిప్స్ చిన్న మెడికల్ షాపుల్లో అన్నిసార్లూ దొరక్కపోవచ్చు, ముందే తెప్పించి పెట్టుకోండి.