సుంకి ఘాట్‌కి ఫాగ్ లైట్లు: వారంటీ పోతుందా?

సునాబెడ కుర్రాడు: కొత్త కారు. చలికాలం సాలూరు నుంచి సుంకి ఘాట్ మీదుగా పొట్టంగి ఎక్కుతుంటే పొగమంచులో ముందు లారీ కూడా కంటికి ఆనదు. బయట పసుపు ఫాగ్ లైట్లు వేయిద్దామంటే షోరూమ్ వాళ్లు వారంటీ మొత్తం క్యాన్సిల్ అంటున్నారు. నిజమేనా?

జయపురం బాబాయ్: లైటు వేస్తే గేర్‌బాక్స్ వారంటీ ఎందుకు పోతుంది? బయట సామాను వల్ల ఏది పాడైతే దానికి మాత్రం ఇవ్వరు. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేయకూడదని 2014లోనే కాంపిటీషన్ కమిషన్ (వ్యాపారంలో పోటీ సరిగా ఉందా అని చూసే కేంద్ర సంస్థ) కార్ల కంపెనీలకి చెప్పింది. నువ్వు చూసుకోవాల్సింది వైరింగ్. కంపెనీ వైరు తొక్క తీసి టేపు చుట్టారా, ఎలక్ట్రికల్ క్లెయిమ్ మీద ఆశ వదులుకో. బ్యాటరీ నుంచి విడిగా లైను లాగించి, లైట్ల కరెంటు స్విచ్చు మీద పడకుండా రిలే, ఫ్యూజు పెట్టించు.

పొట్టంగి టాక్సీ: ఇంత టెన్షన్ ఎందుకు? సర్వీసుకి ఇచ్చేముందు పీకేస్తే సరి.

జయపురం బాబాయ్: లైటు పీకుతావు, కోసిన వైరు ఎక్కడ దాస్తావు?

సాలూరు లారీ బ్యాచ్: హెడ్‌లైట్ బల్బులు మాత్రం మార్చకు తమ్ముడూ. హెచ్4 రకం బల్బు అయితే కంపెనీది 60/55 వాట్లు (హై బీమ్/లో బీమ్). మావాళ్లు 100/90 వేసేస్తారు. ఆ వేడికి హోల్డరు కరిగితే డీలర్‌ని అని లాభం లేదు.

బరంపురం అక్క: మేం టచ్ స్క్రీన్ బయట వేయించాం. తర్వాత ఏసీ కంప్రెసర్ పోతే, ఆ స్క్రీన్ చూపించి వారంటీ రాదన్నారు. మా తమ్ముడు గొడవేమీ పడలేదు. "స్క్రీన్ వల్లే పోయిందని జాబ్ కార్డు మీద రాసి సంతకం పెట్టండి" అన్నాడు. ఎవరూ రాయలేదు! పైవాళ్లతో మాట్లాడి చివరికి ఫ్రీగానే మార్చారు. లేకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేసేవాళ్లం.

సునాబెడ కుర్రాడు: థాంక్స్ అక్కా. రోడ్డు మీద ఆవులెక్కువ, ముందు గార్డు కూడా వేయించనా?

జయపురం బాబాయ్: దాని జోలికి పోకు. ఆ గార్డుల్నే బుల్ బార్లు అంటారు, వాటిని తీయించమని 2017 చివర్లో కేంద్రం రాష్ట్రాలకి రాసింది. పైగా దెబ్బ గార్డు మీద పడితే ఎయిర్‌బ్యాగ్ సమయానికి తెరుచుకోకపోవచ్చు.

పర్లాకిమిడి పాలసీ: ఇన్సూరెన్స్ సంగతి వేరు. బయట వేయించిన లైట్లు పాలసీలో విడిగా రాయించకపోతే, పగిలినప్పుడు వాటికి పైసా రాదు. బిల్లు తప్పకుండా తీసుకోండి.

సునాబెడ కుర్రాడు: సరే. రిలే వైరింగ్ సరిగ్గా చేసేవాళ్లు జయపురంలో ఉన్నారా, విజయనగరం దిగాలా?

జయపురం బాబాయ్: ఇక్కడే ఉన్నారు. ఆదివారం రా, నేనూ పక్కన నిలబడతాను.