చిరుత, జింక, తాబేలు: మూడింటికీ ఒకే కారిడార్ కుదురుతుందా?

ప్రశ్న: రెండు అడవి ముక్కలను కలిపే కారిడార్ గీస్తున్నాను. చిరుత, జింక, నేల తాబేలు ఎక్కడ ఎంత కష్టంగా నడుస్తాయో అంకెలు వేసి, మూడు పటాల సగటు తీశాను. వచ్చిన దారి చూస్తే ఏ జంతువూ అటు వెళ్లేలా లేదు. తప్పు ఎక్కడ జరిగింది?

జవాబు: సగటు దగ్గరే. ఒకచోట చిరుతకు 2, తాబేలుకు 100 వేశారనుకోండి. ఆ రెండింటి సగటు 51 ఏ జంతువుదీ కాదు. ఇంటిల్లిపాదికీ ఒకే కొలత చెప్పులు కుట్టించినట్టుంది. ఒక్కోదానికి విడిగా దారి గీసి, ఆ తర్వాత ఒకదానిపై ఒకటి పరచండి. కలవని చోట కారిడార్ పాయలుగా చీలితే చీలనివ్వండి.

అసలు చిక్కు వేగంలో ఉంది. చిరుత ఆ మేరను ఒకటి రెండు రాత్రుల్లో దాటేస్తుంది, దానికి నడవడానికి చాటు చాలు. తాబేలు బహుశా తన జన్మలో అవతలికి చేరదు. దాని పిల్లలో, వాటి పిల్లలో చేరాలి. అంటే దారి పొడవునా మేత, నీడ, గుడ్లు పెట్టే నేల ఉండాలి. వన్యప్రాణి నిపుణులు పాల్ బయర్, స్టీవ్ లో (Loe) ఇద్దరూ 1992లోనే దాటిపోయే జీవులనూ కారిడార్‌లోనే బతికే జీవులనూ వేరు చేసి చెప్పారు. తాబేలు పాయను ముందు గీయండి, వెడల్పు అక్కడే కావాలి.

చిరుత అంకెలు ఎక్కడివి? స్థిరపడిన జంతువుల మెడకు కట్టిన కాలర్ (కదలికలు తెలిపే పట్టీ) సమాచారమైతే జాగ్రత్త. కొత్త చోటు వెతుక్కునే కుర్ర చిరుత, తాను కాపురం ఉండని నేల మీదుగా కూడా నడుస్తుంది.

అడిగినవారు: కాలర్‌దే! మళ్లీ వేస్తాను. మధ్యలో నాలుగు వరుసల రహదారి ఉంది, ఒక వంతెన చాలదా?

మరొకరు: ఒకే రకమైతే చాలదండీ. కెనడాలోని బాన్ఫ్ జాతీయ వనంలో గ్రిజ్లీ ఎలుగులు, ఎల్క్‌లు (పెద్ద జింకలు) విశాలమైన పైవంతెనలవైపు మొగ్గాయి; కూగర్లు (ప్యూమాలనే పెద్ద పిల్లులు), నల్ల ఎలుగులు ఇరుకైన కింది దారులను ఎంచుకున్నాయి. జంతువులను అటు మళ్లించే కంచె కూడా వేశారు. గ్రిజ్లీలు అలవాటు పడటానికి కొన్నేళ్లు పట్టింది, కాబట్టి మొదటి ఏడాది కెమెరాలు చూసి వంతెన దండగ అనకండి. తాబేలుకు మాత్రం నేల మట్టంలో చిన్న తూము, దానివైపు నడిపించే పొట్టి గోడ పెట్టండి. మెట్టు ఉంటే ఎక్కలేదు.

అడిగినవారు: విడిగా గీసి చూశాను. తాబేలు, చిరుత దారులు వాగు వెంట చాలావరకు కలిశాయి. జింకది మాత్రం గుట్ట అవతలికి పోయింది. రెండో పాయ తప్పేలా లేదు.